క్యాంపర్ వ్యాన్‌లో సామాను సర్దుడు: 231 వస్తువుల నుంచి 118 దాకా (ప్రాజెక్టు డైరీ)

మొదలుపెట్టేనాటి లెక్క

బండి ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్, 3350 మి.మీ. వీల్‌బేస్‌ది (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం). ఇద్దరు పడుకునేలా లోపలి పని ముందే అయిపోయింది. వెనక పొడవుగా మంచం, ఒక పక్క సింకు, మంచం తలవైపు ఇన్వర్టర్, బ్యాటరీ. ఈ డైరీలో ఆ పని లేదు, ఆ తర్వాత వచ్చిన సామాను గొడవే ఉంది. మంచం కింద ఖాళీ 1820 మి.మీ. పొడవు, 1150 వెడల్పు, 430 ఎత్తు.

చిందరవందరను కొలవడానికి ఒక పరీక్ష పెట్టుకున్నాం. బండి ఆగి, మంచం పరిచి ఉన్నప్పుడు స్టవ్ మీదికి టీ గిన్నె ఎక్కేలోపు ఎన్నిటిని కదపాలి, తెరవాలి, పక్కన పెట్టాలి? మూత తీయడం ఒకటి, అడ్డొచ్చిన సంచి జరపడం ఒకటి. టీకి కావలసిన సరుకులు లెక్కలోకి రావు. దీన్ని కింద "టీ లెక్క" అన్నాం.

- వస్తువులు: 231
- బరువు (నీళ్లు కాకుండా): 196 కిలోలు
- టీ లెక్క: 13, పట్టిన టైము 7 నిమిషాలు
- ఖర్చు: 0

దశ 1: అంతా బయటికి

1. ఇంటి ముందు టార్పాలిన్ పరిచి బండిలో ఉన్నదంతా దింపాలి. సగం దింపి సగం సర్దితే పని తెమలదు.
2. 50 కిలోల వేలాడే డిజిటల్ కాటాతో ప్రతి సంచినీ తూచి, బరువును మాస్కింగ్ టేపు మీద రాసి అతికించాలి.
3. కుప్పలు పోయాలి.

తప్పు మూడో అడుగులోనే జరిగింది. వంట, పనిముట్లు, బట్టలు, కరెంటు సామాను అని రకాల వారీగా కుప్పలు పోశాం. ఇంటి అల్మరాకు ఆ పద్ధతి సరిపోతుంది. బండిలో ఎప్పుడు కావాలన్నదే ముఖ్యం. ఉదాహరణకు టార్చి. రకం చూస్తే కరెంటు సామాను, కానీ రాత్రి టైరు పంక్చరైనప్పుడు జాకీ పక్కన లేకపోతే అది ఉన్నా లేనట్టే. రెండో రోజు కుప్పలన్నీ చెరిపి మళ్లీ పోశాం: ఆగగానే కావలసినవి, రోజూ వాడేవి, వారానికోసారి వాడేవి, ఆపదలో కావలసినవి.

ఈ నాలుగింటిలోకీ రానివి 74 తేలాయి, 41 కిలోలు. మూడు టార్చిలు, నాలుగు ఎక్స్‌టెన్షన్ బోర్డులు, రెండో స్టవ్, ఏ గిన్నెవో తెలియని ఐదు మూతలు. తీసేసిన వాటిలో రెండు (పొడవాటి వీల్ పానా, గాలి పంపు) వారం తిరక్కుండానే తిరిగొచ్చాయి, 4 కిలోలు.

- వస్తువులు: 159
- బరువు: 159 కిలోలు
- టీ లెక్క: 9
- ఖర్చు: 0

ఈ డైరీ మొత్తంలో పైసా ఖర్చు లేకుండా ఇంత మార్పు తెచ్చిన దశ మళ్లీ లేదు.

దశ 2: మూతల డబ్బాలు (ఇది చేయకండి)

30 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు ఆరు, ఒక్కోటి రూ. 480. వెనక తలుపు దగ్గర మూడు వరసలు, ఒక్కో వరసలో ఒకదాని మీద ఒకటిగా రెండు. ఫోటోకి బాగుంది. వాడకంలో నాలుగు చోట్ల దెబ్బతింది.

డబ్బా పై కొలత 500 × 370 మి.మీ., అడుగు కొలత 440 × 310. అడుక్కి వచ్చేసరికి సన్నబడుతుంది కాబట్టి డబ్బా ఆక్రమించిన చోటులో ఏడో వంతు దాకా గాలికే పోయింది. కొట్లో డబ్బా కొలిచేటప్పుడు టేపు అడుగున కూడా పెట్టండి.

కింది డబ్బా కావాలంటే పైది దించాలి. పైది దించితే మంచం పరుపు అడ్డం, దాన్ని జరపాలి. టీ లెక్క 9 నుంచి 12కి పెరిగింది.

190 మి.మీ. డబ్బాలు రెండు పేరిస్తే 380. పైన మిగిలేది 50 మి.మీ. ఆ సందులో మూత లేవదు, ప్రతిసారీ డబ్బా మొత్తం బయటికి లాగాల్సిందే.

నాలుగోది మనుషుల సంగతి. తీసిన వస్తువు తిరిగి అదే డబ్బాలోకి పోవడం మూడో రోజుకే ఆగిపోయింది. తీయడానికి మూడు కదలికలు పట్టే వస్తువును ఎలాగో తీస్తాం గానీ, పెట్టడానికి కూడా మూడు పడితే అది మంచం మీదే ఉండిపోతుంది. బండిలో కనిపించే చెత్తలో ఎక్కువ భాగం ఇలా దారిలో ఆగిపోయిన సామానే.

- బరువు: 168 కిలోలు (డబ్బాలే 9 కిలోలు)
- టీ లెక్క: 12
- ఖర్చు: రూ. 2,880

దశ 3: సొరుగులు

ప్లాను: వెనక తలుపు వైపు తెరుచుకునే రెండు సొరుగులు (24 అంగుళాల పొడవు), నడవ వైపు తెరుచుకునే రెండు (18 అంగుళాలు). నడవ సొరుగుల వెనక, గోడ వైపు మిగిలిన మూలలోకి మంచం పలక ఎత్తి దిగాలి. దశ 2 డబ్బాల్లో రెండు అక్కడికి పోయాయి, వారానికోసారి కూడా ముట్టని వాటి కోసం.

24 అంగుళాలకంటే పొడుగు సొరుగు వద్దనుకోవడానికి కారణం చానళ్లు (సొరుగు జారడానికి రెండు పక్కలా బిగించే ఇనుప పట్టాలు). మామూలు హార్డ్‌వేర్ షాపులో 45 మి.మీ. టెలిస్కోపిక్ చానల్ 24 అంగుళాల దాకా తేలిగ్గా దొరుకుతుంది. ఆ పైన హెవీ డ్యూటీవి కావాలి, ధర, బరువు రెండూ చాలా పెరుగుతాయి.

సామాను, కూలీ:

- ఐఎస్ 710 మెరైన్ ప్లై (తడికి తట్టుకునే ప్లైవుడ్), 12 మి.మీ., ఒక షీటు: రూ. 3,040
- అదే రకం 9 మి.మీ., ఒక షీటు (సగమే వాడాం): రూ. 2,400
- 24 అంగుళాల చానళ్లు 2 జతలు: రూ. 1,300
- 18 అంగుళాలవి 2 జతలు: రూ. 840
- స్క్రూలు, ఎడ్జ్ పట్టీ: రూ. 480
- కార్పెంటర్ కూలీ, 2 రోజులు: రూ. 2,400

వెనక సొరుగుల లెక్క ఇలా వచ్చింది. మొత్తం వెడల్పు 1150. నిలువు చెక్కలు మూడు, ఒక్కోటి 12, అంటే 36. మిగిలిన 1114లో సగం 557. చానల్ ఒక్కో పక్క 12.7 మి.మీ. తింటుంది, రెండు పక్కలా 25.4. కాస్త వదులుతో 26 తీసేస్తే సొరుగు బయటి కొలత 531.

తప్పు 1: మిల్లీమీటరుకీ సూతుకీ (అంగుళంలో ఎనిమిదో వంతు) మధ్య. కాగితం మీద 531 మి.మీ. అని ఉంది. కార్పెంటర్ టేపు అంగుళాల్లో, సూతుల్లో చూస్తాడు. 531 అంటే 20 అంగుళాల 7 సూతులు దాటి కొంచెం. ఆయన దాన్ని 21 అంగుళాలు చేశాడు, అంటే 533.4. తేడా ఒక సూతు కూడా లేదు. కానీ చానళ్లకు 25.4 కావలసిన చోట 23.6 మిగిలింది. సొరుగు సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. బలంగా లాగితే బాల్ బేరింగుల పట్టీ వంగుతుంది, ఆ జత పోయినట్టే. చానల్ కూర్చునే చోట నిలువు చెక్కలను ఒక్కో మి.మీ. చిత్రిక పట్టి సరిచేశాం. అరపూట కూలీ అదనం, రూ. 600.

కొలత ఇచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు చాలు. చేసేవారు ఏ టేపు వాడతారో ఆ లెక్కలోనే రాసివ్వండి. అనుమానం వస్తే సొరుగు చిన్నగా చేయించండి. 1 మి.మీ. తక్కువైతే చానల్ వెనక సన్‌మైకా ముక్క పెట్టి సరిపెట్టొచ్చు. ఎక్కువైతే విప్పడం తప్ప దారి లేదు.

తప్పు 2: అడుగు పలక. చేతిలో ఉన్న 4 మి.మీ. ముక్కలను కింది నుంచి మేకులతో కొట్టించాం. 18 కిలోల పనిముట్లు పెట్టి గతుకుల రోడ్డు మీద 60 కి.మీ. తిప్పేసరికి మధ్యలో 9 మి.మీ. కుంగింది, ఒక మూల మేకులు లేచాయి. మిగిలిన 9 మి.మీ. ప్లైతో మార్చాం. ఈసారి పలకను కింద అతికించకుండా, నాలుగు పక్కల చెక్కల్లో గాడి తీసి అందులో కూర్చోబెట్టాం. అప్పుడు బరువు మేకు మీద కాదు, చెక్క మీద పడుతుంది.

తప్పు 3: గడియలు. దీని మీద ఎక్కువ రోజులు పోయాయి.

మొదట అల్మరాలకు వాడే మాగ్నెట్ క్యాచులు, నాలుగు, రూ. 160. విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే వెనక సొరుగు తెరుచుకుని తలుపుకి కొట్టుకుంది. లెక్క వేస్తే ఆశ్చర్యం లేదు. సొరుగు సామానుతో 31 కిలోలు. 12కి 1 వాలులో అది వెనక్కి లాగే బలం 2.6 కిలోలు. గుంతలో పడి లేచినప్పుడు దానికి రెండు మూడింతలు. మాగ్నెట్ అంత పట్టలేదు.

తర్వాత నొక్కితే తెరుచుకునే ప్లాస్టిక్ లాచులు, నాలుగు, రూ. 720. పట్టు బాగానే ఉంది. ఎండలో మూడు వారాలు నిలబెట్టాక రెండింటి నాలుకలు విరిగాయి.

ఆఖరికి నిలిచింది కిటికీలకు వాడే 3 అంగుళాల టవర్ బోల్ట్, ఒక్కోటి రూ. 70. అదీ మొదట అడ్డంగా బిగిస్తే కుదుపులకు జారి ఊడింది. నిలువుగా, గడియ తన బరువుకి కిందికే పడేలా తిప్పి బిగించాక ఒక్కసారీ తెరుచుకోలేదు. కుదుపు ఇప్పుడు గడియను బిగిస్తుందే తప్ప వదలదు.

వెనకకు తెరిచే సొరుగులు ఎత్తు ఎక్కేటప్పుడు, నడవ వైపువి మలుపుల్లో తెరుచుకుంటాయి. కాబట్టి నాలుగింటికీ గడియ తప్పదు.

- బరువు: 200 కిలోలు
- టీ లెక్క: 5
- ఖర్చు: రూ. 15,100

బరువు అంకె మరోసారి చూడండి. చెక్క, చానళ్లు కలిపి 38 కిలోలు ఎక్కాయి, నాలుగు డబ్బాలు దిగి 6 తగ్గాయి. అంటే సర్దడానికి చేసిన ఏర్పాటు వల్ల బండి మొదటి రోజుకంటే 4 కిలోలు బరువెక్కింది. చెక్కలో గుండ్రటి రంధ్రాలు చేస్తే తేలికవుతుందనే సలహా చాలా మంది ఇస్తారు. 12 మి.మీ. ప్లైలో 60 మి.మీ. రంధ్రం ఒక్కటి తీస్తే పోయేది 23 గ్రాములు. నలభై చేసినా కిలో తగ్గదు. హోల్ సా (గుండ్రటి రంధ్రాలు కోసే రంపం) ఉన్నవాళ్లకు అదో సరదా, అంతే.

దశ 4: సొరుగు లోపల

సొరుగుకు పైనుంచి అడుగు దాకా 330 మి.మీ. లోతు ఎక్కువైంది. లోతైన సొరుగంటే మూత లేని డబ్బాయే, అడుగున ఏముందో తెలియదు. సొరుగు మార్చకుండా, మిగులు 9 మి.మీ. ప్లైతో 120 మి.మీ. ఎత్తు ట్రే చేసి, సొరుగు ముందు సగం మీద పక్క చెక్కల అంచులకు వేలాడేలా పెట్టాం. టీ సామానంతా ఆ ట్రేలోనే: స్టవ్, లైటర్, గిన్నె, జాలీ, రెండు గ్లాసులు, టీ పొడి, చక్కెర, పాలపొడి. టీ లెక్క ఇప్పుడు గడియ, సొరుగు, స్టవ్ మూత, మొత్తం మూడు.

స్టవ్ వెలిగించేది వెనక తలుపు తెరిచి బయటే. గ్యాస్ డబ్బా మాత్రం ఈ సొరుగులో పెట్టలేదు. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, మంచం కింద పేరుకుంటుంది. అది అడుగున గాలి రంధ్రాలున్న విడి అరలో, నిలువుగా, ఎండ తగలని వైపు ఉంది. చాలా గ్యాస్ డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం తలుపులు మూసి ఎండలో పెట్టిన బండిలో అంత వేడి తేలిగ్గా వస్తుంది. రోడ్డు పక్క ఆపి వెళ్లే రోజుల్లో డబ్బాను వెంట తీసుకెళ్లడమే మంచిది.

గుండ్రటి స్టీలు డబ్బాలు తీసేశాం. చతురస్రంలో గుండ్రం పెడితే 21 శాతం చోటు మూలల్లో పోతుంది, పైగా స్టీలుకి స్టీలు తగిలి మోత. బదులు నలుచదరపు ప్లాస్టిక్ డబ్బాలు 14, ఒక్కోటి రూ. 90.

అడ్డగోడలు అతికించకండి. 9 మి.మీ. ప్లై పట్టీలను సగం లోతు కోసి ఒకదానిలో ఒకటి దూర్చి వదిలేయాలి. నెలలో మూడుసార్లు మార్చాం.

అడుగున 5 మి.మీ. ఈవీఏ ఫోమ్ (రబ్బరులాంటి మెత్తటి షీటు), రూ. 350. రబ్బరు జిగురుతో అతికిస్తే వేడికి జిగురు కరిగి అంచులు లేచాయి. రెండోసారి సొరుగుకంటే 2 మి.మీ. పెద్దగా కోసి, జిగురు లేకుండా అదిమి కూర్చోబెట్టాం. ఊడి రాలేదు, కడగడానికి తీయొచ్చు కూడా.

ఆవకాయ సంగతి విడిగా చెప్పాలి. విశాఖ సముద్రమట్టంలో ఉంది, అరకు 900 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లేసరికి బయటి గాలి ఒత్తిడి పదో వంతు తగ్గుతుంది. అంచు దాకా నింపి బిగించిన సీసాలో ముక్కల మధ్య చిక్కిన గాలి ఉబ్బి నూనెను పైకి నెడుతుంది. మలుపుల్లో ఆ నూనె మూత మరల దాకా వచ్చి బయటికి ఊరుతుంది. ఫోమ్ మొదటి షీటు అలా పోయింది, ఎర్ర మరక, ఆవ వాసన ఎన్ని సార్లు కడిగినా వదల్లేదు. ఇప్పుడు చేసేది:

1. సీసాలో మూడు వేళ్ల వెలితి ఉంచాలి.
2. నింపాక గరిటె కాడతో నొక్కి బుడగలు తీయాలి.
3. నిలువుగా, పక్కకు ఒరగకుండా, లోపల న్యూస్‌పేపర్ పరిచిన చిన్న స్టీలు డబ్బాలో పెట్టాలి. గుండ్రటి డబ్బాల్లో బండిలో మిగిలింది ఇదొక్కటే.
4. ఘాట్ ఎక్కాక ఒకసారి మూత తిప్పి గాలి వదలాలి.

సొరుగుల్లో పట్టనివి 22 తేలాయి, 19 కిలోలు. స్టీలు డబ్బాలతో మరో 4 తగ్గాయి. ఫోమ్, ప్లాస్టిక్, ట్రే కలిపి 2 పెరిగాయి.

- వస్తువులు: 137
- బరువు: 179 కిలోలు
- టీ లెక్క: 3, టైము 50 సెకన్లు
- ఖర్చు: రూ. 16,710

దశ 5: గోడలు, తడి సామాను, తుప్పు

కప్పు కింద సాగే వల కట్టడం అందరూ చేసేదే. బరువు పడగానే అది బొజ్జలా వేలాడి తలకు తగులుతుంది. తీసేసి 25 మి.మీ. నైలాన్ పట్టీలు, బకిల్స్‌తో దోమతెరను, దుప్పట్లను కప్పుకి దగ్గరగా బిగించాం (రూ. 520). పైన బట్ట తప్ప గట్టి వస్తువేదీ పెట్టకూడదని నియమం. సడన్ బ్రేకు వేస్తే అక్కడి నుంచి ఎగిరేది సూటిగా ముందు సీటు మీదికే వస్తుంది.

ముందు సీట్ల వెనక కాన్వాస్ జేబులు, సీటు కవర్లు కుట్టే దుకాణంలో రూ. 900. జేబు లోతు 180 మి.మీ. దాటితే చిన్న వస్తువులు అడుగుకి పోయి కనిపించవు.

చెప్పులకు తలుపు మెట్టు దగ్గర జల్లెడ అడుగున్న క్రేటు, రూ. 250. ఇసుక కిందికి రాలుతుంది, దులపడం తేలిక.

మామూలు ఇనుప స్క్రూలు సముద్రపు గాలికి రెండు నెలల్లోనే తుప్పు పట్టాయి. ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) స్క్రూలతో మార్చాం, రూ. 340. మార్చేటప్పుడు ఒక్కోటిగా విప్పి బిగించండి. అన్నీ ఒకేసారి విప్పితే చానల్ వరస తప్పుతుంది.

ఇన్వర్టర్ ముందు తువ్వాళ్ల సంచి కుక్కితే ఫ్యాన్‌కి గాలి అందక వేడెక్కి ఆగిపోయింది. 100 మి.మీ. దూరంలో చెక్క అడ్డు కొట్టాం, ఖాళీ ఉంది కదా అని ఎవరూ ఏదీ దూర్చకుండా.

సున్నా కదలికల్లో చేతికి రావలసినవి వేరే జాబితా: 2 కిలోల ఏబీసీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ (కట్టె, నూనె, గ్యాస్ మంటలను ఆర్పేది) తలుపు పక్కన, ఫస్ట్ ఎయిడ్ సంచి, టార్చి, వార్నింగ్ త్రికోణం. వీటి ముందు గొడుగు కూడా ఆనించకూడదు.

- బరువు: 182 కిలోలు
- ఖర్చు: రూ. 18,720

దశ 6: బరువు ఎక్కడుంది

20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు వెనక తలుపు దగ్గర ఉండేవి, వెనక ఇరుసుకి 900 మి.మీ. అవతల. తుల సూత్రం ప్రకారం ఆ 40 కిలోలు వెనక ఇరుసు మీద దాదాపు 51 కిలోలుగా పడతాయి, ముందు ఇరుసు 11 కిలోలు తేలికవుతుంది. అవే క్యాన్లను వెనక ఇరుసుకి 300 మి.మీ. ముందుకు తెస్తే వెనక 36, ముందు 4. నీళ్లు మోసుకొచ్చే దూరం పెరిగినా స్టీరింగ్ పట్టు తేడా ఘాట్‌లో తెలిసింది.

తర్వాత లారీల కాటాకి వెళ్లి మూడు తూకాలు: ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకటి, వెనకవి మాత్రం ఒకటి, మొత్తం ఒకటి. ట్యాంకు నిండా డీజిలు, నీళ్లు, మనుషులు ఉండగానే తూచాలి. వచ్చిన అంకెను ఆర్‌సీలోని గ్రాస్ వెయిట్‌తో (మనుషులు, సామానుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) పోల్చాలి. ఆ కాటాలు 5 లేదా 10 కిలోల మెట్లలో చూపిస్తాయి, చిన్న సామానుకి వేలాడే కాటాయే నమ్మకం.

దశ 7: 1,100 కి.మీ. తర్వాత

అరకు, లంబసింగి, తీరం వెంట, మూడు విడతలు. బయల్దేరేముందు ప్రతి వస్తువుకీ చిన్న టేపు ముక్క అతికించి, వాడినప్పుడు పీకేశాం. తిరిగొచ్చాక టేపుతో మిగిలినవి 27. వాటిలో ఆపద సామాను 8 ఉంచి, 19 దింపేశాం, 14 కిలోలు. ఏది అవసరమో కూర్చుని వాదించుకోవడంకంటే టేపు నయం.

స్క్రూలు 64లో 7 వదులయ్యాయి, అన్నీ ప్లై అంచులోకి దిగినవే. పొరల మధ్యలోకి దిగిన స్క్రూ పట్టు నిలవదు. గడియల దగ్గర ఆ స్క్రూలు తీసి, పలకకు అడ్డంగా నట్టు బోల్టు వేశాం.

- వస్తువులు: 118
- బరువు: 168 కిలోలు
- టీ లెక్క: 3
- ఖర్చు: రూ. 18,720. ఇందులో దండగ రూ. 3,400 (డబ్బాలు నాలుగు 1,920, లాచులు, మాగ్నెట్లు 880, చిత్రిక కూలీ 600)

మిగిలిపోయిన పని ఒకటుంది. మడత కుర్చీలు రెండు, మడిస్తే 900 మి.మీ. పొడవు, ఏ సొరుగులోనూ పట్టవు. ఇప్పటికి వెనక తలుపు లోపలి వైపు పట్టీలతో కట్టాం. గతుకు వచ్చినప్పుడల్లా అల్యూమినియం గొట్టం తలుపు రేకుకి కొట్టుకుంటోంది. సైకిల్ ట్యూబు కోసి గొట్టానికి తొడిగితే మోత సగానికి తగ్గింది. రెండో పొర తొడిగితే కుర్చీ పూర్తిగా మడవడం లేదు.